సంతకం పెట్టేముందు సరుకులో ఏముందో తెలుసుకోండి

పోయిన నెల ఇదే పేజీలో పీఫాస్ గురించి, అంటే మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి కాబట్టి ఫరెవర్ కెమికల్స్ అని అందరూ అంటున్న ఫ్లోరిన్ రసాయనాల గురించి, నాలుగు మాటలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువమంది అడిగింది ఒకటే: విదేశీ కస్టమర్ ఫారం పంపాడు, అందులో ఏం రాయాలి? పధ్నాలుగేళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం ఇదే కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న (జీడిమెట్ల, గాస్కెట్ల యూనిట్ యజమాని): మేడమ్ గారూ, మాది 22 మంది పనిచేసే చిన్న యూనిట్. వాల్వులు, పంపులు లీకవకుండా బిగించే టెఫ్లాన్ గాస్కెట్లు, వైటాన్ ఓ-రింగులు చేస్తాం. ఎనిమిదేళ్లుగా మా దగ్గర కొంటున్న జర్మనీ పార్టీ ఒక ఎక్సెల్ షీట్ పంపింది. అందులో వేలకు వేలు రసాయనాల పేర్లు. చివర్లో "మా ఉత్పత్తుల్లో పీఫాస్ లేదు" అని సంతకం, స్టాంపు వేసి పదిహేను రోజుల్లో పంపమన్నారు. పౌడర్ సప్లయర్‌ని అడిగితే "అందరూ పెడుతున్నారు, మీరూ పెట్టేయండి" అన్నాడు. పెట్టకపోతే ఆర్డర్ పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆ సంతకం మాత్రం పెట్టకండి సార్. మీ గాస్కెట్‌లో పీఫాస్ కొంచెం ఉండటం కాదు, గాస్కెట్ మొత్తం అదే. టెఫ్లాన్ అసలు పేరు పీటీఎఫ్ఈ. 2021లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, హైడ్రోజన్ బదులు పూర్తిగా ఫ్లోరిన్ అంటుకున్న కార్బన్ ఒక్కటి అణువులో ఉన్నా అది దాదాపుగా పీఫాస్ కిందికే వస్తుంది. వైటాన్ రబ్బరు కూడా అంతే. జర్మనీలో మీ ఫారం చూసే మనిషికి ఈ సంగతి తెలియకపోయినా, రేపు వాళ్ల ఆడిటర్‌కి తెలుస్తుంది. అప్పుడు ఎనిమిదేళ్ల నమ్మకం ఒక్క కాగితంతో పోతుంది.

ఇప్పుడు ధైర్యం చెప్పే మాట. మీ కస్టమర్ అడిగినదంతా చట్టం కాదు. జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే కలిసి 2023 జనవరిలో యూరప్ రసాయనాల సంస్థ ఈకాకి ఒక ప్రతిపాదన ఇచ్చాయి. పదివేలకు పైగా పీఫాస్ రసాయనాలను ఒకేసారి కట్టడి చేయాలన్నది దాని సారాంశం. దానిపై 5,600కు పైగా అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. 2025 ఆగస్టులో సవరించిన పత్రం వచ్చినప్పుడు కొత్తగా చేర్చి విడిగా పరిశీలించిన రంగాల్లో మీదీ ఉంది: సీళ్లు, గాస్కెట్లు. నేనిది రాస్తున్న నాటికి అది ప్రతిపాదనే. కాబట్టి యూరప్‌లో టెఫ్లాన్ గాస్కెట్ అమ్మడం నేరమేమీ కాదు. మీ కస్టమర్ ముందుజాగ్రత్తగా తన సరుకులో ఎక్కడెక్కడ ఏముందో లెక్క రాసుకుంటున్నాడు, అంతే. ఆ లెక్కకి కావలసింది నిజం. ఎవరో తొందరలో "లేదు" అని ఒకే గడి పెట్టి ఫారం తయారుచేసి ఉంటారు.

అందుకని ఫారం పక్కన పెట్టి మీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయండి. ఏ పార్ట్ నంబర్‌లో పీటీఎఫ్ఈ ఉంది, దాని సీఏఎస్ నంబర్ (ఏ రసాయనమో గుర్తుపట్టే నంబర్) 9002-84-0, బరువులో ఎంత శాతం, ఫిల్లర్‌గా కలిపిన ఇతర పదార్థం ఏమిటి, అది అక్కడ ఎందుకు కావాలి (యాసిడ్ లైనా, ఆవిరి లైనా, ఎంత వేడి), దాని బదులు ఇంకేదైనా పెడితే ఎన్నాళ్లు ఆగుతుంది. ఈ చివరి రెండూ మీకు తెలిసినంతగా జర్మనీ వాడికి తెలియవు. రేపు ఫలానా వాడకానికి మినహాయింపు కావాలని వాళ్లు అడగాల్సి వస్తే వాళ్లకి పనికొచ్చేది ఆ సమాచారమే. ఇలాంటి ఉత్తరం రాసినందుకు ఆర్డర్ పోయిన సప్లయర్‌ని నేను చూడలేదు. అబద్ధపు సంతకం బయటపడి పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

అసలు భయపడాల్సింది వేరే చోట ఉంది. పీఫాస్‌లోనే ఒకటైన పీఎఫ్ఓఏ అనే రసాయనం మీద యూరప్‌లో 2020 జూలై 4 నుంచి నిషేధం అమల్లో ఉంది. పరిమితి 25 పీపీబీ, అంటే వంద కోట్ల పాళ్లలో 25. పీటీఎఫ్ఈ తయారీలో ఒకప్పుడు దాన్ని వాడేవారు. ఇప్పుడు వాడకపోయినా, టెఫ్లాన్ స్క్రాప్‌ని రేడియేషన్ పెట్టి మెత్తటి మైక్రోపౌడర్‌గా కొట్టేటప్పుడు పీఎఫ్ఓఏ కొత్తగా పుడుతుంది. మీరు చవగ్గా వస్తుందని రీప్రాసెస్డ్ పౌడర్ కలుపుతుంటే, ప్రతి లాట్‌కి పీఎఫ్ఓఏ టెస్ట్ రిపోర్ట్ అడగండి. ఇవ్వనంటే ఆ పౌడర్ యూరప్ సరుకులో కలపకండి. ఇక్కడ చట్టం ఇప్పటికే ఉంది, "మాకు తెలియదు" అంటే కుదరదు.

ఇంకొకటి, అచ్చుల నుంచి ఓ-రింగులు సులువుగా ఊడటానికి మీ కుర్రాళ్లు కొట్టే స్ప్రే డబ్బా మీద ఏం రాసుందో ఈ రోజే చూడండి, అదీ టెఫ్లానే కావచ్చు.

ప్రశ్న (గచ్చిబౌలి, ఒక బహుళజాతి కంపెనీ ఆఫీసులో కంప్లయన్స్ అనలిస్ట్): అక్కా, నాకు రెండేళ్ల అనుభవం. 800 మంది సప్లయర్లకి పీఫాస్ ప్రశ్నావళి పంపాను. మూడు రిమైండర్ల తర్వాత కూడా సగానికి పైగా జవాబు లేదు. వచ్చిన వాటిలో చాలావరకు "నాట్ అప్లికబుల్". నెలాఖరుకి డాష్‌బోర్డు పచ్చగా కనబడాలి, జవాబు ఇవ్వనివాళ్లని "కంప్లయింట్" (నియమాలు పాటిస్తున్నవాళ్లు) అని మార్క్ చేసేయమని మా మేనేజర్ అంటున్నారు. నాకు భయంగా ఉంది, ఎదురు చెప్పలేకపోతున్నాను.

జవాబు: నీ భయం సరైనదేనమ్మా. జవాబు ఇవ్వకపోవడం అంటే "లేదు" అని కాదు, "తెలియదు" అని. డాష్‌బోర్డులో ఆ "తెలియదు"కి ఒక మూడో రంగు ఉండి తీరాలి. లేకపోతే ఆ పట్టికకి అర్థమే లేదు. మేనేజర్‌తో వాదన పెట్టుకోకు, ఒక మెయిల్ రాయి: "ఇన్ని పార్టులకి సమాచారం లేదు, వాటిని తెలియదు అని ఉంచుతున్నాను, మార్చాలంటే మీరు రాతపూర్వకంగా చెప్పండి." రాతలో చెప్పమనగానే చాలామంది ఆగిపోతారు. ఆగకపోయినా నీ మెయిల్ నీ దగ్గర ఉంటుంది.

ఇది నీ ఒక్కదాని రక్షణ కోసం చెప్పడం లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2023 అక్టోబర్‌లో తెచ్చిన రిపోర్టింగ్ నియమం 2011 నుంచి తయారుచేసిన, దిగుమతి చేసుకున్న పీఫాస్ వివరాలు అడిగింది. గడువు ఒకటికి రెండుసార్లు జరిగింది. దిగుమతి వస్తువులను అందులోంచి తప్పించాలని 2025 నవంబర్‌లో ఈపీఏనే ప్రతిపాదించింది. అది ఎలా తేలినా, అందులో పెట్టిన కొలత మాత్రం గుర్తుపెట్టుకో: నీకు తెలిసిందీ, మామూలు ప్రయత్నంతో నువ్వు తెలుసుకోగలిగిందీ చెప్పాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా ఫైలు తెరిచి "మీరు అడిగారా?" అంటే నీ మూడు రిమైండర్లే సాక్ష్యం. వాటి మీద పచ్చ రంగు పూస్తే ఆ సాక్ష్యాన్ని నువ్వే చెరిపేసినట్టు.

ఇక పని సంగతి. 800 మందినీ ఒకే ప్రశ్న అడగడం మానెయ్. మరమేకుల వాడికీ వైర్ల వాడికీ ఒకే ఫారం పంపితే ఇద్దరూ "నాట్ అప్లికబుల్" అనే రాస్తారు. ముందు పార్టుల జాబితాని పదార్థం పట్టి విడగొట్టు. టెఫ్లాన్ ఇన్సులేషన్ ఉన్న వైర్లు, సీళ్లు, ఓ-రింగులు, నీళ్లు అంటని బట్ట, నాన్‌స్టిక్ పూతలు, కొన్ని గ్రీజులు, లిథియం బ్యాటరీలు (లోపల పొడిని అంటించి ఉంచే బైండర్‌గా పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ప్లాస్టిక్ వాడతారు), ఏసీ గ్యాస్ ఆర్-134ఏ. ఇవి ముందు. ఆ తర్వాత కంటికి కనబడని చోట్లు. మంట అంటుకోని పాలికార్బనేట్ ప్లాస్టిక్‌లో కరిగి చుక్కలుగా కారకుండా అర శాతం లోపు పీటీఎఫ్ఈ కలుపుతారు. పాలిథిన్ ఫిల్మ్ నున్నగా రావడానికి ఫ్లోరిన్ పాలిమర్ కొద్దిగా వేస్తారు, అంటే సరుకు శుభ్రంగా ఉన్నా దాన్ని చుట్టిన కవర్‌లో ఉండొచ్చు. ఇలా విడగొడితే 800 కాస్తా నూటికి దగ్గరపడొచ్చు. ఆ నూరు మందికీ ఫోన్ చెయ్.

ఫోన్ అని ఎందుకంటున్నానంటే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్లాస్టిక్ పార్టుల సప్లయర్ "ఫ్లోరిన్ ఏమీ లేదు" అని మూడుసార్లు సంతకం పెట్టి పంపాడు. ల్యాబ్‌లో మాత్రం ఫ్లోరిన్ కనబడింది. ఆఫీసు వదిలేసి వాళ్ల షాప్ ఫ్లోర్ ఫోర్‌మన్‌కి ఫోన్ చేస్తే, రెండు నిమిషాల్లో "మౌల్డుకి రోజూ టెఫ్లాన్ స్ప్రే కొడతాం కదమ్మా" అన్నాడు. సంతకం పెట్టినాయన అబద్ధం చెప్పలేదు, ఆయన్ని ఎవరూ అలా అడగలేదు. అందుకే "మీరు పీఫాస్ కంప్లయింటేనా" అని అడగకు. "ఈ పార్టులో ఏ గ్రేడ్ ప్లాస్టిక్, ఏ పూత, ఏ స్ప్రే" అని అడుగు. సేఫ్టీ డేటా షీట్, అంటే సరుకులోని ప్రమాదాలు రాసే కాగితం, చూపించి తప్పించుకోనివ్వకు. ప్రమాదకరం అని వర్గీకరించని పాలిమర్ పేరు అందులో రాయనక్కర్లేదు, కాబట్టి షీట్‌లో కనబడకపోవడం రుజువు కాదు.

ప్రశ్న (మినియాపొలిస్, ఇండియన్ గ్రాసరీ నడిపే పాఠకుడు): మేడమ్, ఇండియా నుంచి నాన్‌స్టిక్ దోసె పెనాలు తెప్పించి అమ్ముతాను. డబ్బా మీద "పీఎఫ్ఓఏ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో ఉంది. అయినా ఒక కస్టమర్ ఇవి ఇక్కడ అమ్మకూడదని అన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే అండి. మీరుండే మినెసోటా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి కావాలని పీఫాస్ కలిపిన వంటపాత్రలు అమ్మకూడదు. తివాచీలు, కాస్మెటిక్స్, డెంటల్ ఫ్లాస్, చిన్నపిల్లల వస్తువులు లాంటి వాటితో కలిపి మొత్తం 11 రకాలు ఆ జాబితాలో ఉన్నాయి. "పీఎఫ్ఓఏ ఫ్రీ" అన్నది అబద్ధం కాకపోవచ్చు. పూత వేసేటప్పుడు ఆ ఒక్క రసాయనం వాడలేదని మాత్రమే దానర్థం. పూత పీటీఎఫ్ఈ అయితే అదే పీఫాస్, కాబట్టి చట్టం అడిగేదానికి ఆ స్టిక్కర్ జవాబు కాదు. మిగిలిన స్టాకు ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకి అమ్మేద్దామని కూడా తొందరపడకండి. మెయిన్, కొలరాడోల్లో 2026 జనవరి 1 నుంచి వంటపాత్రల మీద ఇలాంటి నిషేధమే ఉంది. ఇనప పెనాలు తెప్పించండి. మన అమ్మమ్మలు ఉల్లిపాయ ముక్కతో నూనె రాసి దోసెలు పోసింది వాటి మీదే కదా.

ఆ చట్టాన్ని అమారాస్ లా అంటారు. మీ ఊరి చుట్టుపక్కలే పెరిగిన అమారా స్ట్రాండే అనే అమ్మాయి పేరు అది. ఆమె పెరిగిన ప్రాంతంలో భూగర్భ జలాలు పీఫాస్‌తో కలుషితమయ్యాయి. అరుదైన కాలేయ క్యాన్సర్‌తో పోరాడుతూనే చట్టసభ ముందుకెళ్లి మాట్లాడింది. 2023 ఏప్రిల్‌లో, 21వ పుట్టినరోజుకి రెండు రోజుల ముందు చనిపోయింది. మీ కొట్టులో ఆ పెనాలు అల్మరా మీంచి తీసేటప్పుడు, ఎవరైనా అడిగితే, ఆ పేరు చెప్పండి.

ప్రశ్న (అనకాపల్లి జిల్లా, రెయిన్ జాకెట్లు కుట్టే ఎగుమతి యూనిట్‌లో మర్చండైజర్): నీళ్లు అంటకుండా బట్టకి పట్టించినది "ఫ్లోరిన్ లేని ఫినిష్" అని మిల్లు లెటర్ ఇచ్చింది. ల్యాబ్‌లో జాకెట్ మొత్తానికి టోటల్ ఫ్లోరిన్ 80 పీపీఎం (పది లక్షల పాళ్లలో 80) వచ్చింది. కాలిఫోర్నియాకి 100 వరకు ఫర్వాలేదంటున్నారు. పంపేయమంటారా?

జవాబు: చట్టం లెక్కన ఈ సంవత్సరం నడిచిపోవచ్చేమో గానీ, కాలిఫోర్నియాలో ఆ 100 పీపీఎం పరిమితి 2027 జనవరి 1 నుంచి 50 అవుతుంది. మీ జాకెట్ కుట్టి, ఓడెక్కి, అక్కడ అల్మరాకి చేరేసరికి ఏ తేదీ వస్తుందో చూసుకోండి. ఫ్రాన్స్‌లో 2026 జనవరి 1 నుంచి, డెన్మార్క్‌లో 2026 జూలై 1 నుంచి బట్టల మీద నిషేధాలున్నాయి. యూరప్ మొత్తానికీ 2026 అక్టోబర్ 10 నుంచి పీఎఫ్‌హెచ్ఎక్స్ఏ అనే ఇంకో పీఫాస్ పరిమితి వినియోగదారుల దుస్తులకి 25 పీపీబీ. ఒకప్పుడు సి-8 (ఎనిమిది కార్బన్ల పీఫాస్) ఫినిష్ మానేసి సి-6 (ఆరు కార్బన్లది)కి మారమన్నారు కదా, ఆ సి-6 విరిగితే వచ్చేదే ఈ పీఎఫ్‌హెచ్ఎక్స్ఏ.

80 ఎక్కడిది అన్నదే అసలు ప్రశ్న. జాకెట్ మొత్తం కలిపి టెస్ట్ చేయించడం డబ్బు దండగ. పై బట్ట, లైనింగ్, జిప్, దారం, కుట్ల మీద అంటించే టేప్, లోపల నీళ్లు చొరబడకుండా ఉండే మెంబ్రేన్ పొర విడివిడిగా చేయించండి. మెంబ్రేన్ సాగదీసిన పీటీఎఫ్ఈ అయితే అంకె చాలా పెద్దగా వస్తుంది, అక్కడే తెలిసిపోతుంది. పై బట్టలోనే ఉంటే మిల్లుని ఒక్క మాట అడగండి: అంతకుముందు అదే తొట్టిలో, అదే మెషిన్ మీద సి-6 బట్ట నడిపారా? నడిపి సరిగా కడక్కపోతే మిగిలింది మీ బట్టకి అంటుకుంటుంది. మిల్లు లెటర్ నిజం, ల్యాబ్ రిపోర్ట్ కూడా నిజం, రెండూ ఒకేసారి సాధ్యమే.

ఇంకో సంగతి. టోటల్ ఫ్లోరిన్ పరీక్షలో గుడ్డని మండించి, వచ్చిన ఫ్లోరిన్ అంతా కలిపి కొలుస్తారు. అందులో పీఫాస్ కాని ఫ్లోరైడ్ లవణాలు కూడా కలుస్తాయి. కాలిఫోర్నియా అడిగేది ఆర్గానిక్ ఫ్లోరిన్, అంటే కార్బన్‌కి అంటుకున్నది. కాబట్టి ఇనార్గానిక్ ఫ్లోరైడ్‌ని విడిగా కొలిచి తీసేసిన అంకె ఇమ్మని ల్యాబ్‌ని అడగండి. బట్ట ఉతికింది ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లతో అయితే ఇది మరీ ముఖ్యం.

ప్రశ్న (నల్గొండ, రిటైర్డ్ టీచర్): అమ్మా, ఫ్లోరిన్ అన్న మాట వింటేనే మాకు గుండె జల్లుమంటుంది. మా జిల్లాలో నడుములు వంగిపోయినవాళ్లని చూస్తూ పెరిగాను. ఇదీ అదేనా? ఇంకో మాట, ఇదంతా మన సరుకుని అడ్డుకోవడానికి యూరప్ వాళ్లు పెట్టే అడ్డంకి అని మా అబ్బాయి అంటాడు.

జవాబు: మాస్టారూ, రెండూ వేరు. మీ జిల్లా నీళ్లలోది ఫ్లోరైడ్, రాళ్లలోంచి కరిగి వచ్చే లవణం. పీఫాస్ మనిషి ఫ్యాక్టరీలో చేసినది, కార్బన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య బంధం అంత తేలిగ్గా తెగదు, అందుకే మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కొలతల తేడా చూడండి. తాగేనీళ్లలో ఫ్లోరైడ్‌కి మన దేశంలో గరిష్ఠ పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. పీఎఫ్ఓఏకి అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకి 4 నానోగ్రాములు. దాదాపు మూడు లక్షల డెబ్బై ఐదు వేల రెట్లు తక్కువ. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్, మీ ఊరి పేరుతోనే ప్రపంచానికి తెలిసినది, పీఫాస్‌ని తీయలేదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్, ఆర్‌వో లాంటివి కావాలి. పీఎఫ్ఓఏ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ నిర్ధారించింది.

మీ అబ్బాయి మాటలో కొంత బాధ నిజమే. టెస్టుల ఖర్చు చిన్న యూనిట్ల మీద పడుతోంది, గడువులు పెట్టేవాడు వేరు, చచ్చేవాడు వేరు. కానీ ఇటలీలోని వెనెటో ప్రాంతం సంగతి వాడికి చెప్పండి. త్రిస్సినోలో మితేని అనే ఫ్యాక్టరీ పీఫాస్ చేసేది. సుమారు 3,50,000 మంది ఉండే ప్రాంతంలో నీళ్లు పాడయ్యాయి. కంపెనీ 2018లో దివాలా తీసింది. తమ పిల్లల రక్తంలో పీఫాస్ ఉందని తెలిసిన తల్లులు వదలకుండా పోరాడారు, 2025 జూన్‌లో విచెంజా కోర్టు 11 మందికి జైలు శిక్షలు వేసింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలు ఏమయ్యాయో తెలుసా మాస్టారూ? వేలంలో అమ్ముడై మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా లోటె పరశురామ్ పారిశ్రామిక వాడకి వచ్చాయి. వాళ్లు వద్దనుకున్నది మన దగ్గరికి నడిచి వస్తోంది. మనకి నియమాలు లేకపోవడం ఒక సౌకర్యమని అనుకునేవాళ్లకి ఈ ఒక్క సంగతి చాలనుకుంటాను. నీళ్ల వల్ల ఒక జిల్లా ఏమవుతుందో మీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ప్రశ్న (గుంటూరు, పురుగుమందుల ఫార్ములేషన్ యూనిట్): మా మందులో పీఫాస్ లేదని ల్యాబ్ చెప్పింది. ఎగుమతి కస్టమర్ ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా గురించి అడుగుతున్నాడు. డబ్బాతో ఏం పని?

జవాబు: పని ఉంది. సాల్వెంట్ డబ్బా గోడల్లోంచి ఆవిరైపోకుండా హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బాలకి ఫ్లోరిన్ గ్యాస్ పట్టిస్తారు. ఆ క్రమంలో పీఎఫ్ఓఏ లాంటివి పుట్టి మందులోకి దిగుతాయి. అమెరికాలో దోమల మందులో పీఫాస్ బయటపడినప్పుడు వెతికితే ఆ డబ్బాలే తేలాయి. మీ డబ్బాల వాడిని "ఫ్లోరినేట్ చేసినవా, కాదా" అని రాతలో అడగండి. చేసినవైతే లోపల నైలాన్ పొర ఉండే కో-ఎక్స్ డబ్బాల ధర కనుక్కోండి. మందుని కూడా కలిపిన రోజున కాకుండా, అదే డబ్బాలో కొన్ని నెలలు నిలవ ఉంచాక మళ్లీ టెస్ట్ చేయించండి. ఆ రెండో రిపోర్టే కస్టమర్‌కి పంపాల్సింది.